ఒట్లు చెల్లని గది

మైదుకూరులో తాగుడు మాన్పించే కౌన్సెలర్ సాజియా, ఎవరు గదిలో అడుగుపెట్టినా వాళ్లవెంట వచ్చిన పిల్లల్నే ముందు తన పక్కకు లాక్కుంటుంది. తాగేవాడి చెయ్యి బిడ్డ తలమీద పెట్టించి ఒట్టు వేయించడం ఇక్కడి ఇళ్లలో మామూలు. ఆ ఒట్టంటేనే ఆమెకు ఒళ్లుమంట. ఆ రోజు తిరుపతమ్మ, క్వారీలో పనిచేసే కొడుకు ఓబులేసు చేత మనవరాలి మీద ఒట్టు వేయించబోతే, సాజియా పిల్లను ఒళ్లోకి తీసేసుకుంది.

“ఒట్టు లేకుండా ఎట్ల మానుతాడమ్మా?”

“తప్పిననాడు బిడ్డకేమైతాదోనని, ఆ భయానికి ఇంకా తాగుతాడు. ఈడ ఒట్లు చెల్లవవ్వా.” ఊళ్లో విన్న సంగతి మనసులో పెట్టుకుని ఓబులేసు వైపు తిరిగింది. “రాయి పడి మీ తమ్ముడు పోయినప్పటి నుంచి నిద్ర పడతాందా అన్నా?”

“కండ్లు మూస్తే వాడు పిలుస్తాంటాడు మేడం.”

ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది. మనవరాలి కోసం చాచిన తిరుపతమ్మ చెయ్యి కొడుకు వీపు మీదికి చేరింది. సాజియా మాత్రం ఇంకా పిల్లను వదల్లేదు.