నేను పూడ్చిన గుంత

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, ఉదయం పదకొండింటికి మా పరిశీలన పోస్టు చేరాను. దక్షిణ లెబనాన్‌లో ఒక కొండ. ఎత్తు ఏడు వందల ఎనభై మీటర్లు. పడమటి గాలి, వడగళ్లు కలిసిన వాన. రెండు కంటైనర్లు, ఒక కాంక్రీటు బంకరు, నీళ్ల ట్యాంకు, చెక్క మంచె. దక్షిణాన ఆరు వందల మీటర్ల దూరంలో కంచె. కంచె అవతల ఇజ్రాయెల్, వరసలు తీర్చిన ఆపిల్ తోట. ఇవతల బండలు, ముళ్లపొదలు.

నేను ఆస్ట్రేలియా సైన్యంలో కెప్టెన్‌గా చేశాను. మాది ఒంగోలు దగ్గర. మెల్‌బోర్న్‌కి చదువుకోవడానికి వచ్చి, కంప్యూటరు ఉద్యోగం విసుగెత్తి సైన్యంలో చేరాను. మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో మనవాళ్లు ఇప్పటికీ "ఐటీ వదిలేసి ఆర్మీ ఏంటి బ్రో" అంటారు. ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో పరిశీలకుడిగా నన్ను ఆరు నెలలకు పంపారు. పరిశీలకుడికి తుపాకి ఇవ్వరు. నీలి హెల్మెట్, పద్నాలుగు కిలోల కవచం, బైనాక్యులర్, దిక్సూచి, నోట్‌బుక్. ఆర్డరు మూడే మాటలు: చూడు, రాయి, పంపు.

పోస్టులో ముగ్గురం. టీమ్ లీడరు ఐర్లండు మేజరు, ముక్కుసూటి మనిషి. మూడోవాడు మా దుబాసీ. పాలస్తీనా మనిషి, యాభై మూడేళ్లు, పుట్టింది లెబనాన్‌లోని శరణార్థి శిబిరంలో. వాళ్ల నాన్న పుట్టిన ఊరు ఇప్పుడు ఆపిల్ తోట ఉన్నచోటే ఉండేది. రోజూ పదింటికి టీ కాచి, గ్లాసు నా చేతిలో పెట్టి, బావి ఎక్కడ ఉండేదో వేలుపెట్టి చూపేవాడు. తను ఆ బావి ఎన్నడూ చూడలేదు.

ఒకరోజు ఇంటి నుంచి ఫోను. మా ఆవిడ. "మన బ్లాక్‌కి టైటిల్స్ ఇంకా రాలేదంట. ఇంకో టూ మంత్స్ అంటున్నాడు డెవలపరు," అంది. ఏమిటని దుబాసీ అడిగితే టార్నీట్ పక్కన ట్రుగనీనాలో ఇంటిస్థలం కొన్నామని చెప్పాను.

"అంతకుముందు అది ఎవరిది?" అన్నాడు.

"అక్కడి ఆదివాసులది. ప్రతి మీటింగులో ముందు ఆ మాట చెప్తాం."

"చెప్పి?"

"తర్వాత మీటింగు మొదలవుతుంది."

కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "నయం. మాకు అదీ చెప్పరు," అన్నాడు.

ఇజ్రాయెల్ వైపు నుంచి మాతో ఫోన్లో మాట్లాడే అధికారి ఒకాయన ఉండేవాడు. ఆ తోట వాళ్లదే. ఐరోపాలో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకుని ఒంటరిగా వచ్చిన తాత నాటిన చెట్లవి. మే నెలలో ఒక మధ్యాహ్నం మా వెనక ఉత్తరపు లోయలోంచి ఇజ్రాయెల్‌తో పోరాడే సాయుధ దళంవాళ్లు వదిలిన రాకెట్ ఆ తోటలో పడింది. రెండున్నరకి ఆయన ఫోను చేశాడు.

"రాసుకోండి కెప్టెన్. మా తమ్ముడు పోయాడు. వయసు ముప్పై ఒకటి. మేం ఊరుకోం అని కూడా రాసుకోండి."

రాసుకున్నాను. దుబాసీ పక్కనే విన్నాడు. "ఇప్పుడు తెలుస్తుంది వాళ్లకి," అన్నాడు. అంటూనే టీ గ్లాసు కింద పెట్టేశాడు. పాము పగ పన్నెండేళ్లంటారు మనవాళ్లు. అక్కడ ఆ లెక్క చాలదు, తాతల పగ మనవలు మోస్తారు. చదువుకున్నవాణ్ని, నాకు ఇదంతా మూర్ఖత్వంగా కనిపించేది. నాదాకా రాలేదు కాబట్టి అలా కనిపించింది.

జూలై. ఎండ ముప్పై ఆరు డిగ్రీలు, గాలి లేదు. పదకొండు నలభైకి రెండు వైపుల నుంచీ కాల్పులు మొదలయ్యాయి. గుండ్లు మా నెత్తిమీదుగా అటూ ఇటూ పోతున్నాయి. మేజరూ నేనూ బంకర్లోకి దిగాం. దుబాసీ ట్యాంకు దగ్గర క్యాన్లు నింపుతున్నాడు. నేను పిలిచాను. "ఈ క్యాను నిండనీ," అన్నాడు. పదకొండు యాభై రెండుకి ఒక గుండు ట్యాంకుకి నాలుగు మీటర్ల ఇవతల పడింది.

మోసుకొచ్చి బంకర్లో పడుకోబెట్టాం. అప్పటికే ప్రాణం పోయింది. కాల్పులు ఆగాక మేజరు రేడియో పట్టుకుని లోపల ఉన్నాడు. నేను బయటికొచ్చాను. గుంత, గుంత చుట్టూ రక్తం, అప్పుడే రెండు కుక్కలు. మా ఒంగోలు వైపు రక్తం పడిన నేలను అలా వదలరు. మా బాబాయి ట్రాక్టరు కింద పడి పోయినప్పుడు మా నాయనమ్మ ఏడుస్తూనే ఆ చోట నీళ్లు పోసి మట్టి కప్పింది. నేనూ అదే చేశాను. ఆయన నింపిన క్యాన్లతోనే కడిగాను. పారతో గుంత పూడ్చి, కాళ్లతో తొక్కి చదును చేశాను.

మేజరు టేపూ దిక్సూచీ తీసుకుని వచ్చాడు.

"గుంత ఏది?"

"పూడ్చేశాను."

టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. గుండు ఎటునుంచి వచ్చిందో చెప్పేది గుంత ఒక్కటే. మట్టి చిమ్మిన తీరు చూసి, రెండు పుల్లలు గుచ్చి, దారం లాగి దిక్సూచి పెడతాం. ఆ పనిలో శిక్షణ పొందినవాణ్ని నేనే. నా స్నేహితుణ్ని చంపినవాడి జాడను నా చేతులతోనే పూడ్చిపెట్టాను.

నాకు ఒక పేరు కావాలి, ఒక వైపు కావాలి. రిపోర్టులో నూట అరవై ఎనిమిది డిగ్రీలు అని రాశాను. అంటే దక్షిణం, ఇజ్రాయెల్.

"కొలిచావా?" అన్నాడు మేజరు.

"లేదు. నాకు తెలుసు."

"నీకు తెలీదు. ఉత్తరంవాళ్ల గుండే కంచెదాకా అందక మనమీద పడి ఉండొచ్చు. కోపం వేరు, డిగ్రీలు వేరు." అంకె కొట్టేసి 'దిశ నిర్ధారణ కాలేదు' అని రాశాడు. ఆయన్ని ఆ క్షణంలో చంపెయ్యాలనిపించింది.

మర్నాడు నాలుగింటికి దుబాసీ కొడుకు వచ్చాడు. ఇరవై నాలుగేళ్లు, శిబిరంలో ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. మేజరు పెట్రోలింగుకి వెళ్లాడు. నేనొక్కణ్నే ఉన్నాను.

"నాన్నని ఎవరు చంపారు? మీవాళ్లు తెలీదంటున్నారు. ఇటువాళ్లా, అటువాళ్లా?"

తెలీదనడం నా డ్యూటీ. తెలీదన్నదే నిజం కూడా. "దక్షిణం," అన్నాను. చనిపోయింది తోట అధికారి అయ్యి, ఆయన ఇంటివాళ్లు వచ్చి అడిగి ఉంటే ఉత్తరం అనేవాణ్ని. నా వేలు ఎటు చూపాలో చచ్చినవాడే చెప్పేవాడు. అన్నాక ఎంత హాయిగా ఉందో ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు. ఆ రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

పంతొమ్మిది రోజుల తర్వాత, ఉదయం తొమ్మిది ఇరవైకి కంచె దగ్గర కాల్పులు. మంచె మీద డ్యూటీ నాదే. బైనాక్యులర్లో చూశాను, రాశాను. కంచె ఇవతల ఒకరు మృతి, రైఫిలు పక్కనే, వయసు ఇరవై నాలుగు. అవతల కాపలా సైనికుడు ఒకరు మృతి. వాడి వయసు ఫోన్లో చెప్పారు, పంతొమ్మిది. ఇవతలివాడి వయసు నాకు ఎవరూ చెప్పలేదు.

ఆగస్టులో తిరిగొచ్చాను. ఆ ఏడాదే సైన్యం వదిలేశాను. ట్రుగనీనా స్థలానికి టైటిల్ వచ్చింది, ఇల్లు కట్టాం. పోయిన ఆదివారం టార్నీట్‌లో బార్బీకి, అదే బార్బెక్యూ విందుకి, వెళితే ఒక అంకుల్ ప్లేటు పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

"ఏమయ్యా కెప్టెన్, నువ్వు లైవ్‌లో చూసినోడివి. అసలు ఫాల్ట్ ఎవరిదో జస్ట్ టెల్ అస్. మా గ్రూపులో రోజూ ఇదే ఫైటింగు."

"తెలీదు అంకుల్."

"అదేంటయ్యా, సిక్స్ మంత్స్ ఉండి?"

ఎద్దు పుండు కాకికి ముద్దు. ఆయన్ని తిట్టలేదు. 'తెలీదు' అన్న మాట అనాల్సిన చోట అనకుండా ఇక్కడ అంటున్నాను.

ఆ ట్యాంకు వైపు కాల్చినవాడి మీద నా కోపం ఇంకా చల్లారలేదు. వాడెవడో తెలియకపోయినా చల్లారలేదు. కానీ కళ్లు మూస్తే వాడు కనిపించడు. దక్షిణం అని నేనన్నాక ఆ పిల్లవాడు కదల్లేదు. వాడికి అది కొత్తచోటు, దక్షిణం ఎటో తెలీదు, ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి, ఉత్తరం వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. నేను దగ్గరికి వెళ్లి రెండు భుజాలూ పట్టుకుని మెల్లిగా కంచె వైపు తిప్పాను. బరువే లేనట్టు తిరిగాడు. థాంక్యూ అన్నాడు.