నాన్నగారి క్యాసెట్

మా ముత్తాత విఠల్‌రావు, తాత మాణిక్‌రావు న్యాల్‌కల్ వైపు పల్లెలకు దేశ్‌ముఖ్‌లు. వాళ్లు సర్కారు కచేరీలోకి వస్తే కుర్చీల్లో ఎవరూ కూర్చుని ఉండేవారు కాదు. ఆ సంగతులన్నీ నాన్నగారు పోయే ముందు ఒక క్యాసెట్‌లో చెప్పి పెట్టారు.

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం జహీరాబాద్ బస్టాండులో, బంధువుల దగ్గర తెచ్చిన టేప్ రికార్డర్‌లో ఆ క్యాసెట్ వేసి చూస్తున్నాను. గొణుగుడు తప్ప మాట తెలియలేదు. అంతకుముందు రెండు సెట్లలోనూ అంతే.

పక్కనున్న మనిషి వంగి చూశాడు. అతని సంచి నిండా రేడియో రిపేరు సామాను.

"క్యాసెట్ మంచిగనే ఉన్నది పటేలా. మాటలు నింపిన సెట్ల, టేపుకు ఆనే హెడ్ జర వంకరున్నట్టుంది. గందుకే గా ఒక్క సెట్లనే సాఫ్ వినవడ్తది."

స్క్రూడ్రైవర్ మొనతో హెడ్‌ను కాస్త నొక్కాడు. నాన్నగారు స్పష్టంగా నన్ను పేరు పెట్టి పిలిచారు.

"గా సెట్ ఇంట్ల ఉన్నదా? లేకుంటె చెప్పున్రి, దీని హెడ్డే గట్ల తిప్పి ఇస్త. పైసలేం వద్దు."

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది.

"మా ఇంట్ల లేని వస్తువుంటదా?" అన్నాను.

"గట్లయితె ఫికరెందుకు?" అని నవ్వి, స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకుని బీదర్ బస్సెక్కాడు.

తర్వాత ఇద్దరు మెకానిక్‌లు స్క్రూ ఎంత తిప్పినా ఆ గొంతు మళ్లీ రాలేదు. ఆ మనిషి పేరైనా నేను అడగలేదు.

నాన్నగారి టేప్ రికార్డర్‌ను ఆ బస్టాండు మధ్యాహ్నానికి నెల ముందే, టేకు బీరువాతో పాటు చిరాగ్‌పల్లి వ్యాపారికి అమ్మేశాం.