గోడకు బారెడు దూరంలో

నిరోషా ఈత నేర్చింది తాండూరు బయట పాడుబడ్డ నాపరాళ్ల గనిలో. వాన నీళ్లతో నిండిన ఆ గుంతకు నాలుగు వైపులా కోసిన రాళ్లే, అంచులు కత్తుల్లా ఉంటాయి. అక్కడే రాళ్లు కొట్టి బతికిన తండ్రి మత్తయ్య గట్టు మీద కూర్చుని ఒక్కటే మాట చెప్పేవాడు: "మీదికి ఉరికితే రాయికేం గాదు బిడ్డా, జర మెల్లగ." అందుకే గట్టు బారెడు దూరంలో ఉందనగా వేగం తగ్గించి, కాలిన పెనాన్ని ముట్టినట్టు వేళ్ల కొసలతో ముట్టేది. ఇప్పుడామెకు పందొమ్మిదేళ్లు. పొడుగు చేతులు, క్లోరిన్‌కు రాగిరంగు తిరిగిన జుట్టు. రోజూ పొద్దున్నే రైలెక్కి వికారాబాద్ వెళ్లి అక్కడి ఈతకొలనులో యాభై మీటర్ల ఫ్రీస్టైల్ సాధన చేస్తుంది. నలభై తొమ్మిది మీటర్లు ఆమెను ఎవరూ అందుకోలేరు. చివరి మీటరులో ఎవరైనా అందుకుంటారు. "గోడను కొడుతున్నవా, పలకరిస్తున్నవా?" అని కోచ్ సోమేశ్వర్ అరుస్తాడు. ఆమె తలూపుతుంది, మళ్లీ పలకరిస్తుంది.

ఈ ఏడు కూడా జాతీయ పోటీలకు ఎంపిక కాకపోతే ఈత మాని రాళ్ల పాలిష్ పనిలో చేరాలని ఇంట్లో అనుకున్నారు. రాష్ట్ర పోటీల ఫైనల్‌కు ముందు సోమేశ్వర్ అరవలేదు. "ఇయ్యాల గుద్దు," అన్నాడు.

"చెయ్యి తెగితే పాలిష్ పని గూడ ఉండదు గద సార్."

"తెగితే నేను కుట్టిస్త, పో."

చివరి బారలో ఆమె కళ్లు మూసుకుని గోడను గుద్దింది. మిగతా ఏడుగురూ తలెత్తి స్కోర్‌బోర్డు చూశారు. ఆమె అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది.

"ఫస్టొచ్చినవే! బోర్డు దిక్కు చూడు!" గట్టు మీంచి సోమేశ్వర్ అరిచాడు.

"ఆగుండ్రి సార్," అని, గోడకు తగలని రెండో చెయ్యి కూడా చూసుకుంది.