జాన కొలత, తేనె మిషన్

మా బావ కురుమయ్యకు టేపు అంటే గిట్టదు. నేను రెండుసార్లు కొనిచ్చాను, రెండూ ఎటో పోయాయి. అడిగితే చెయ్యి చాచి, "గిదే నా టేపు" అంటాడు. ఆ జానతో కొలిచి చేసిన తలుపు వానాకాలం మూసుకోదు, ఎండాకాలం మూసినా పిల్లి దూరేంత సందు. ఎవరేమన్నా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాగర్‌కర్నూల్‌లో మోటార్లు రిపేరు చేసుకుని బతికేవాణ్ణి నేను. వెంట్రుకంత తేడా వచ్చినా మోటారు పట్టేస్తుంది. అలాంటి నాకు ఈయన అక్క మొగుడు. ఏం చేస్తాం!

రెండేళ్ల కింద తేనెటీగల శిక్షణకు పోయి ఒక పెట్టె తెచ్చుకున్నాడు. దాన్ని చూసి మరో ఏడు పెట్టెలు, వాటిలో వేలాడదీసే ఫ్రేములు సొంతంగా చేశాడు. కానుగలు పూసినప్పుడు ఈగలు బాగానే తేనెపట్టు కట్టాయి. తేనె తియ్యడానికి ఆ పట్టును చేత్తో పిండేశాడు. పిండితే మైనం ముద్ద తప్ప ఏం మిగులుతుంది? మళ్లీ కట్టుకోవడానికి ఎండల్లో పువ్వు లేదు. పది రోజుల్లో ఈగలు ఎనిమిది పెట్టెలూ వదిలి పోయాయి. శిక్షణ పెట్టెతో వచ్చిన ఫ్రేముల్లో ఆ పిండుడుకు విరగనిది ఒక్కటే, అదీ గోడకు వేలాడేది.

ఈ ఏడు మళ్లీ ఈగలను తెచ్చి నింపాడు. మా అక్క రేణుకమ్మ ముందే తెగేసి చెప్పింది: "ఈసారి సుత పోతే మేస్త్రి వెంట పోవుడే."

మేస్త్రి అంటే పుణె దిక్కు మట్టిపనికి మనుషులను తోలుకుపోయే ఆయన. ఇరవై ఏళ్లు ఆ పని చేసి బావ నడుము పోగొట్టుకున్నాడు. మేస్త్రి పేరెత్తితే ఇప్పటికీ ముఖం మాడిపోతుంది. అందుకే ఈసారి తేనె తీసే మిషన్ తెప్పించాడు. లోపలి బుట్టలో ఫ్రేము పెట్టి తిప్పితే తేనె మాత్రం చిమ్మి డ్రమ్ములోకి కారుతుంది, పట్టు చెదరదు. దాన్నే తిరిగి పెట్టెలో పెడితే ఈగలు నింపుకుంటూ ఉండిపోతాయి.

బిగించడానికి నన్ను పిలిచాడు. దుకాణం మూసుకుని బస్సెక్కి వెళ్లాను. పోయేసరికి పదహారు ఫ్రేములు పెట్టెల్లోంచి తీసి, మైనం మూతలు కత్తితో గీకేసి వరుసగా పెట్టుకున్నాడు. ముందు మిషన్ నిలబెట్టాలి కదా, ఆ తర్వాత కదా తేనె జోలికి పోవాలి!

"ఎంతసేపు బామ్మర్ది, నాలుగు బోల్టులే" అన్నాడు.

నాలుగు బోల్టులకు మధ్యాహ్నమైంది. నేల ఎగుడుదిగుడు. కాళ్ల కింద రాళ్లు పెడదామన్నాడు, వద్దన్నాను, పెట్టాడు. ఖాళీ మిషన్‌నే పిడి పట్టి తిప్పితే డ్రమ్ము గంతులేసుకుంటూ గడప దాకా పోయింది. చివరికి పాత చెక్క పలక తెచ్చి, రంధ్రాలు కొట్టి, దానికి బిగించాను. ఈలోపు తేనె వాసనకు ఈగలన్నీ ఇంట్లోకి వచ్చాయి. నా చెవి మీద ఒకటి కుట్టింది. బావ నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

మొదటి ఫ్రేము దించాడు. పట్టలేదు. రెండోది, మూడోది పట్టలేదు. లోపలి బుట్ట కన్నా ఫ్రేము అర ఇంచు పెద్దది, ఇంకోటి ఇంచు పెద్దది. ఏ రెండూ ఒక్క తీరుగా లేవు.

"మిషన్ తప్పు చేసిండ్రు" అన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది బావ. ఆ పెట్టెతో పాటు వచ్చిన ఫ్రేముల కొలత ఎందుకు తీసుకోలే?"

"తీసుకున్న. జానెడు మీద నాలుగు వేళ్లు."

ఎవరి జాన? ఏ పూట జాన? ఏడుద్దామా నవ్వుదామా తెలియలేదు. కోపంతో ఒక ఫ్రేమును బలవంతంగా నొక్కాడు. పట్టు పుటుక్కున విరిగి డ్రమ్ములో పడింది.

అక్క చీరకొంగు ముఖానికి చుట్టుకుని వచ్చింది. వరుసలోంచి నాలుగు ఫ్రేములు ఏరి నా చేతికిచ్చింది. నాలుగూ బుట్టలో చక్కగా కూర్చున్నాయి. పిడి తిప్పితే డ్రమ్ము కదలలేదు. గోడల వెంట తేనె కారింది. తీసి చూస్తే పట్లు ఎక్కడా చిట్లలేదు.

"గివి నేను చేసినయి కావు" అన్నాడు బావ.

"నీకు జరమొచ్చి పండుకున్నప్పుడు నేను మొలలు కొట్టి చేసిన. శిక్షణకు పోయి తెచ్చిన పెట్టెలోని ఫ్రేముకు దారం పెట్టి కొలుచుకున్న."

"మరి నాకు చెప్పకపోతివి?"

"చెప్తే ఇంటవా నువ్వు?"

పొద్దున ఆ నాలుగు ఫ్రేములను చూసి, ఎక్కడివో కూడా ఆలోచించకుండా "పొట్టియి, ఏ పిల్లలకో ఆడుకోనీకి ఇయ్యి" అని వెక్కిరించింది ఆయనే. మూతలు గీకేసి కారిపోతున్న మిగిలిన పదకొండు ఫ్రేముల పట్టును సాయంత్రం దాకా చేత్తోనే పిండాడు. మోచేతుల దాకా తేనె, ముఖమంతా కుట్లు. తిట్టాలనుకున్న నేను గిన్నె తెచ్చి ఆయన చేతుల కింద పట్టుకున్నాను. అక్క తన నాలుగు ఫ్రేములను రెండు పెట్టెల్లో వేలాడదీసింది.

ఎండలు ముదిరాక ఆరు పెట్టెలు ఖాళీ అయ్యాయి. రెండు పెట్టెల్లో మాత్రం ఈగలు ఉన్నాయి.

మేస్త్రి జీపు వచ్చిన పొద్దున నేను అక్కడే ఉన్నాను. బావ సంచి జీపు పైన పెట్టి, ఆ రెండు పెట్టెల దిక్కు చూశాడు. "నీళ్లు పెట్టుడు మరువకు" అన్నాడు అక్కతో. జీపు ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి తల బయట పెట్టి అన్నాడు:

"రేణుకా, నేను వచ్చేదాంక ఉంటయా అవి?"

"నా చేతుల ఉంటే ఉంటయి" అంది అక్క.