పుల్లటి సూప్ కోసం ఫీనిక్స్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి

ఒక్క పూట భోజనానికి ఆరు గంటలు కారులో వెళ్లామంటే ఇప్పటికీ నవ్వుతారు. నవ్వండి. ఎనభైల మొదట్లో మేం ఫీనిక్స్‌లో ఉండేవాళ్లం. నాకు మూడో నెల. వేవిళ్లంటే అలాంటిలాంటి వేవిళ్లు కావు, మంచినీళ్లు తాగినా బయటికే. అంతకు ముందు ఏడాది ఒక బిడ్డ నిలవలేదు. అందుకని ఈసారి ఎవరికీ చెప్పలేదు. మాలో మేం కూడా బిడ్డ మాట ఎత్తేవాళ్లం కాదు, భయం. ఇలాగే ఉంటే హాస్పిటల్లో చేర్చాల్సిందే అన్నాడు డాక్టర్.

"ఏం తినాలనుందో చెప్పు సుగుణా, ఎంత దూరమైనా డ్రైవ్ చేస్తా" అన్నారు మా ఆయన. పుల్లగా, కారంగా ఏదైనా, అన్నాను. అప్పట్లో మా ఊళ్లో చింతపండు దొరకడమే గగనం. లాస్ ఏంజెలెస్‌లో థాయ్ వంట అచ్చం అలాగే ఉంటుందని ఆయన ఆఫీస్‌లో ఎవరో చెప్పారట. శనివారం తెల్లవారకముందే బయలుదేరాం.

దారి చాలా తేలిక, ఐ-టెన్ హైవే పట్టుకుని పడమరకు పోవడమే. బ్లైత్ దగ్గర నది దాటాక పెట్రోలు కొట్టించుకోండి, ఆ తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. నేను వెనక సీట్లో పడుకున్నాను. మెలకువ వచ్చినప్పుడల్లా అదే ఎడారి, అదే తెల్లటి ఎండ, కదులుతున్నది మేమో కొండలో తెలియదు. ఇండియో దగ్గర ఖర్జూరపు తోటలు చూసి తాటిచెట్లనుకున్నాను. మా భీమవరం వచ్చేసిందా అని అడిగానట కూడా. ఆయన "ఇంకాసేపట్లో" అన్నారట.

హాలీవుడ్ వైపు ఒక సందులో, లాండ్రీ పక్కన ఉంది ఆ హోటల్. అయిదో ఆరో బల్లలు, పూల ప్లాస్టిక్ గుడ్డలు. తలుపు తీయగానే మిరపకాయల ఘాటు, నిమ్మ వాసన. కడుపు తిప్పలేదు. నాకే నమ్మకం కలగలేదు. ఒక టామ్ యమ్ రొయ్యల సూప్, రెండు ప్లేట్ల అన్నం చెప్పాం. అన్నీ కలిపి ఆరు డాలర్లలోపే.

ప్రార్థన చేసుకున్నాం. కళ్లు తెరవగానే మా ఆయన, చారు పోసుకున్నట్టే, సూప్ తీసుకెళ్లి అన్నంలో పోసేశారు. నాకూ పోశారు. అంతలో "సుగుణా, ములక్కాడ!" అని ఒక పొడుగాటి కాడ నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టారు. నమిలారు, నమిలారు. వంటావిడ లోపలి నుంచి చూసిందేమో, గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

"నో, నో సార్! అది నిమ్మగడ్డి! వాసనకి వేస్తాం, తినకూడదు!"

మా ఆయన నావైపు తిరిగి, "ఇంత ముదురు ములక్కాడ మీ అమ్మ కూడా పెట్టలేదే" అన్నారు తెలుగులో.

ఎన్ని వారాలైందో నేను నవ్వి! నవ్వుతూ నవ్వుతూనే చేత్తో కలిపి ఒక ముద్ద మింగేశాను. వంటావిడ నా చేతివైపే చూస్తోంది. సిగ్గేసి చెయ్యి కిందికి దించాను.

"తిను, తిను. మా అమ్మ కూడా చేత్తోనే తినేది" అంది. నా మొహం కాసేపు చూసి, "బేబీ?" అని అడిగింది.

అవునన్నాను. మేం చెప్పిన మొదటి మనిషి ఆవిడే.

"కారం తగ్గించనా?"

"వద్దండీ, ఇంకాస్త వేయండి."

తర్వాత శాంటా మోనికా వెళ్లి ఇసుకలో కూర్చున్నాం. ఆయన సముద్రాన్ని చూస్తే ఒట్టు, నా మొహమే చూస్తున్నారు. ప్లాస్టిక్ సంచి చేతిలో సిద్ధంగా ఉంది. ఎండ పసుపు రంగుకి తిరిగింది, అలలు వస్తున్నాయి, పోతున్నాయి, నాకు నిద్ర పడుతోంది. తిన్నది తిన్నట్టే ఉంది.

ఆ తర్వాత చాలా ఊళ్లు తిరిగాను, ఇంతకంటే మంచి భోజనాలే చేశాను. కానీ ప్రాణం లేచి వచ్చిందంటారే, అది ఆ సందులోనే తెలిసింది. వెళ్లేవాళ్లకి ఒక్క మాట: కాడలూ, అల్లం లాంటి దుంప ముక్కలూ పక్కకు తీసిపెట్టండి, అన్నం మాత్రం ఒక ప్లేటు ఎక్కువే చెప్పండి. చీకటి పడుతుంటే, "పుట్టాక పాపని ఇక్కడికి తీసుకొద్దామండీ" అన్నాను. బిడ్డ మాట రాబోతే చాలు నా నోరు మూసే మనిషి, ఆ సాయంత్రం "ఏం పేరు పెడదాం?" అని అడిగారు.