టంకశాల గేటు దగ్గర మా పెద్దమామ

మా పెద్దమామ సోమవారం పొద్దున పోయారు. నేను చదివింది ఐదో తరగతి. నా అక్షరాలు వంకర, తప్పులు చాలా ఉంటాయి, మన్నించండి. దినాల రోజు చదవడానికి తలా ఒక మాట రాసిమ్మన్నారు కాబట్టి రాస్తున్నాను.

ఆయన మా మామకు అన్న. మా మెట్ట ఊళ్ళ తరఫున రెండుసార్లు ఎమ్మెల్యే అయ్యారు. చదువు రానివాళ్ళ అర్జీలు అరుగు మీద కూర్చుని తనే రాసేవారు. "ఉండేదే చెప్పప్పా, నేను ఎక్కువ రాయను" అనేవారు. తర్వాత ఢిల్లీ ప్రభుత్వం ఆయనను దేశానికి నాణేలు కొట్టే టంకశాలకు డైరెక్టరుగా పంపింది. గడువు తీరకముందే వచ్చేశారు. "దుడ్లు కొట్టేచోట కూచున్నోడు ఊరికే వచ్చింటాడా? యాడో దొరికింటాడు" అని ఊళ్ళో అనుకున్నారు. శవం ఇంట్లో ఉండగానే మళ్ళీ ఆ మాట విన్నాను. నిజం నాకు తెలుసు.

పెళ్ళైన కొత్తలో నేనూ మా ఆయనా పెద్దమామ దగ్గరికి వెళ్ళాం. అప్పుడు మా నాయన చేనులో నాలుగో బోరు వేయబోతున్నాడు. మూడు ఎండిపోయాయి. మా పుట్టింట్లో బోరు లారీ వచ్చే ముందు ఇంటి ఆడపిల్ల రూపాయి బిళ్ళను పసుపు గుడ్డలో ముడుపు కట్టి నడుముకు చెక్కుకుంటుంది. నీళ్ళు పడేదాకా ముడి విప్పకూడదు.

పెద్దమామ మమ్మల్ని టంకశాల చూపించడానికి తీసుకుపోయారు. లోపలికి ఒక్క నాణెం కూడా తీసుకుపోకూడదని, చిల్లర ఉంటే ఇచ్చిపొమ్మని గేటు దగ్గర కాపలావాళ్ళు అన్నారు. నేను లేదన్నాను. దేవుడికి కట్టింది నా చిల్లర అని నాకు తోచనే లేదు.

బయటికి వచ్చేటప్పుడు సోదా మెషిను మోగింది. కాపలా ఆమె నా నడుము తడిమి ముడుపు బయటికి తీసింది. మా ఆయన తల వంచుకున్నాడు. మీ ఇంటి మనిషే కదా సార్, వదిలేద్దామని ఒక ఆఫీసరు పెద్దమామతో మెల్లగా అన్నాడు. కాపలా ఆమె ముడి విప్పబోయింది.

"ఇప్పొద్దని చెప్పు మామా, నీళ్ళు పడవు" అన్నాను.

పెద్దమామ ఆ మూటను ముట్టుకోలేదు. విప్పకుండా కవరులో పెట్టి సీలు వేయమన్నారు. డైరెక్టరు ఇంటి మనిషి దగ్గర దొరికిందని రాయమన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వేం దొంగతనం చేయలేదమ్మా. సరిగా చెప్పకుండా పిల్చుకొచ్చింది నేను" అన్నారు.

ఆ తర్వాత వెళ్ళి, సోదాకు నిలబడ్డ పనివాళ్ళ వరుసలో చివర రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డారు. సోదా చేసే అతను మొహమాటపడితే, కానీయమని తల ఊపారు.

విచారణలో ఎవరి తప్పూ లేదన్నారు. అయినా పెద్దమామ రాజీనామా ఇచ్చారు. ఎందుకని ఏడిస్తే, "రేపు పనిచేసే ఆడమనిషి నడుములో బిళ్ళ దొరికితే ఉద్యోగం తీయాల్సింది నేనే. ఏ మొగం పెట్టుకోని తీయల్లమ్మా?" అన్నారు.

నాలుగో బోరూ ఎండింది. దానికీ గేటుకూ సంబంధం లేదని ఆయనే మా నాయనకు నచ్చజెప్పారు. ఊళ్ళో వాళ్ళకు నిజం చెబుతానంటే, "ఓట్లడిగినోణ్ని, మాటలు పడేది నాకు అలవాటేలే" అని నవ్వారు. ఇంటి పరువని మా ఆయన వద్దన్నాడు. నేనూ నోరు మూసుకున్నాను.

దినాల రోజు దీన్ని పందిట్లో గట్టిగా చదవండి. మా ఆయన అక్కడే ఉంటాడు, విననీయండి. నేను వంటింట్లో దాక్కోను, ఆడవాళ్ళ ముందు వరుసలో కూర్చుంటాను. చదివాక ఇక దాచేదేమీ ఉండదు, ఈ కాగితాన్ని అక్కడే, నేను చూస్తుండగా, కాల్చేయండి.