లేని రాళ్ళ చుట్టూ

మొన్న మా వీధిలో రోడ్డు వేస్తూ, పరిచిన మొరం మీద ట్యాంకరుతో నీళ్ళు కొట్టారు. ఎండకు కాగిన ఎర్ర మొరం మీద నీళ్ళు పడగానే లేచే వాసన ఒకటుంటుంది. అది ముక్కుకు తగలగానే కూరగాయల సంచితో గేటు దగ్గరే నిలబడిపోయాను. "ఏమైంది పద్మక్కా, కండ్లు తిరుగుతున్నయా?" అని పక్కింటావిడ అడిగింది. ఏం లేదన్నాను. మొరం వాసనకు మా సుశీల టీచర్ గుర్తొచ్చారంటే ఆమెకేం తెలుస్తుంది?

సుశీల టీచర్ మా బడిలో ఆటల టీచర్. భర్త ఉద్యోగం వల్ల గుంటూరు వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి దిగారు. ఎల్.బి.నగర్ చుట్టుపక్కల చేలన్నీ కాలనీలవుతున్న ఎనభైల నాటి మాట. మా బడి కూడా ఒక కిరాయి ఇంట్లోనే నడిచేది. ప్రార్థన డాబా మీద, ఆటల పీరియడంటే మెట్ల మీద కూర్చుని ముచ్చట్లు. అటువంటి బడికి ఆమె ఒకరోజు పాత హాకీ స్టిక్కులు మూట కట్టి రిక్షాలో తెచ్చి, ఆడపిల్లల జట్టు కడతానన్నారు. మాకు ఒకటే నవ్వు. కొంగు నడుముకు దోపి, చీర కింద తెల్ల క్యాన్వాసు బూట్లు వేసుకుని నడిచే మనిషిని అంతకుముందు మేం చూసి ఎరగం. పైగా ఆవిడ "రామ్మా, ఇలా పట్టుకోమ్మా" అంటుంటే, "గిట్లనా టీచర్, గట్లనా టీచర్" అని మేం కావాలని సాగదీసేవాళ్ళం. ఆవిడకు కోపం రాకపోవడం చూసి మాకే విసుగొచ్చి మానుకున్నాం.

జట్టు అయితే కట్టారు గానీ ఆడటానికి జాగా ఏది? కర్మన్‌ఘాట్ దగ్గర మా నాన్న జొన్న పండించిన చేను అప్పటికే ప్లాట్లయింది. మొరం పోసి చదును చేయించి, ప్లాటు ప్లాటుకూ మూలల్లో మోకాలెత్తు హద్దురాళ్ళు తన చేతులతోనే పాతాడు. టీచర్ నేరుగా మా ఇంటికే వచ్చి అడిగారు. నాన్న తలరుమాలు దులుపుకుంటూ, "భూమి నాదే గాని టీచరమ్మా, ఎప్పుడు అమ్ముడువోతదో నాకే ఎరుక లేదు. గప్పటిదాంక ఆడుకోండ్రి. రాళ్ళు మాత్రం కదల్చొద్దు" అన్నాడు. ఆ తర్వాత నా వైపు చూశాడు. "నువ్వు గూడ ఆడుతవా? ఆడివిల్ల కట్టె వట్టుకొని ఉరుకుడేంది? సరే, పట్నంల పోటీ ఉందంటున్నరు గద. గెలిస్తె ఆడు. ఓడితె కట్టె మూలకు వెట్టి ఇంటిపని నేర్వాలె." మా నాన్న మాటంటే మాటే. ఆ రోజు నుంచి ఆ పోటీ నా మెడ మీద కత్తి.

టీచర్‌కు ఒక పద్ధతి ఉండేది. ఏం మొరపెట్టుకున్నా ఒకటే జవాబు. "టీచర్, గోల్ పోస్టులు లేవు." "ముందు నీళ్ళు చల్లండి, తర్వాత చూద్దాం." "టీచర్, స్టిక్కు పగిలింది." "ముందు నీళ్ళు చల్లమ్మా." పొడి మొరం మీద బంతి ఎటంటే అటు ఎగిరేది, దుమ్ము కళ్ళల్లో కొట్టేది. అందుకని రోజూ చేతిపంపు నుంచి బిందెలతో నీళ్ళు మోసి, పొద్దున్నే వాకిట్లో చల్లినట్టు నేలంతా చల్లి అప్పుడు ఆట మొదలుపెట్టేవాళ్ళం. ఆ పని అయ్యేసరికి సగం బాధలు మర్చిపోయేవాళ్ళం, మిగతావి మేమే సర్దుకునేవాళ్ళం. గోల్ పోస్టులకు ఇటుకలు పేర్చాం. పగిలిన స్టిక్కుకు సైకిల్ ట్యూబు చుట్టాం.

నాకు ముక్కు మీదే కోపం. ఒక సాయంత్రం బంతితో ఉరుకుతూ హద్దురాయికి మోకాలు కొట్టుకున్నాను. స్టిక్కు విసిరేసి, "గీ రాళ్ళన్ని పీకిపిస్త మా నాన్నతోని" అని అరిచాను. టీచర్ వచ్చి పక్కన కూర్చుని, కొంగు తడిపి నెత్తురు తుడిచారు. "రాళ్ళు పీకిస్తే మీ నాన్న ప్లాట్లు ఎలా అమ్ముతారే పిచ్చిపిల్లా? రాయి ఎక్కడికీ రాలేదు, నువ్వే దాని మీదికి వెళ్ళావు. తలెత్తి చూసుకో. బంతిని స్టిక్కుకు దగ్గరగా పెట్టుకుని పక్కకి తిరుగు" అన్నారు. తిరగడం నేర్చుకున్నాను. కొన్నాళ్ళకు చూడకుండానే తిరగడం వచ్చేసింది. ఏ రాయి ఎక్కడుందో మా అందరి కాళ్ళకూ తెలిసిపోయింది.

పోటీ రోజు బస్సెక్కి మూసారాంబాగ్ వంతెన దాటి పట్నంలోని పెద్ద గ్రౌండుకు పోయాం. అంత నున్నటి నేల మేం కలలో కూడా చూడలేదు. అక్కడే మా కొంప మునిగింది. నా ముందు దారంతా ఖాళీ, ఎదురుగా గోల్. నేరుగా పోవాల్సిన దాన్ని ఒక్కసారిగా ఎడమకు తిరిగాను. మా చేనులో అయితే అక్కడ రాయి ఉండాలి మరి. నేనే కాదు, జట్టంతా అదే వరస. లేని రాళ్ళను తప్పించుకుంటూ ఆడుతున్నాం. తిరగబోయి ఆపుకుంటే బంతి జారిపోతోంది. చూసేవాళ్ళు పడిపడి నవ్వారు. సగం ఆట అయ్యేసరికి రెండు గోల్స్ వెనక ఉన్నాం. అప్పుడే గట్టు మీద రుమాలు చుట్టుకుని నిలబడ్డ నాన్న కనబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది.

"పరువు వోయింది టీచర్. కాళ్ళు వాటంతట అవే తిరుగుతున్నయి, ఏం జెయ్యాలె?" అన్నాను. "ముందు నీళ్ళు తాగండి" అన్నారామె. అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. అందరం తాగేదాకా ఆగి, నెమ్మదిగా చెప్పారు. "తిరుగుతుంటే తిరగనివ్వండమ్మా, ఆపుకోవద్దు. మీ రాళ్ళు ఎక్కడున్నాయో మీకు తెలుసు. వాళ్ళకి తెలీదు కదా. ఉన్నాయనుకునే ఆడండి."

అంతే. ఆ తర్వాత నన్ను కాచుకున్న పిల్లకు నేను ఎక్కడ తిరుగుతానో అంతుపట్టలేదు. ఆమె తిన్నగా ఉరికేది, నేను పక్కకు జారేదాన్ని. అది చూసి ఆమె వెనక్కి తిరిగేలోపు బంతి మా వాళ్ళకు అందేది. చివర్లో మూల దగ్గర అలాగే తిరిగి గోల్ కొట్టాను. ఇంకొకటి కొట్టే టైము మిగల్లేదు. ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం.

తల దించుకుని నాన్న దగ్గరికి పోయి స్టిక్కు చాపాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. "గోల్ గొట్టేముందు గా మూలకాడ తిరిగినవ్ సూడు," అన్నాడు మెల్లగా. "అది మన యాపచెట్టు పక్కపొంటి ప్లాటు రాయే గద?" అంత పెద్ద గ్రౌండులో మా రాళ్ళు కనబడ్డ బయటి మనిషి ఆయనొక్కడే. ఆయన టీచర్ వైపు తిరిగాడు. "టీచరమ్మా, రేపు నీళ్ళెప్పుడు సల్లుతరు?" టీచర్ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు.

నా పదో తరగతి అయ్యేసరికి ఆ ప్లాట్లన్నీ అమ్ముడుపోయాయి. టీచర్ భర్తకు బదిలీ అయ్యింది, మళ్ళీ ఆమెను చూడలేదు. ఆ రోజు ఆమె మమ్మల్ని తిట్టి ఉంటే ఆ స్టిక్కు మూలకే పోయేది, నేనూ దానితో పాటే. నేను ఆటల టీచర్‌నయ్యాను. ఆమెకు ఈ సంగతి చెప్పుకోలేకపోయానే అన్న బాధ ఉంది గానీ, ఆమె పేరు తలచుకోకుండా నేను ఒక్క రోజూ విజిల్ ఊదలేదు.

ఇప్పుడు మా బడిలో కొత్త గదులు కడుతున్నారు. ఆవరణంతా ఇసుక కుప్పలు, ఇటుకలు. ఈ సోమవారం పిల్లలు మూతులు ముడుచుకుని వచ్చారు. "గ్రౌండేది మేడమ్? ఎట్ల ఆడాలె?" నేను బకెట్లు చూపించాను.

"ముందుగాల నీళ్ళు సల్లుండ్రి, తర్వాత సూద్దాం."